అవతల ముగ్గురుండాలట!

వినోదమట, వినోదం! ఆ మాట ఇంకొక్కసారి నా వంటింట్లో అన్నారంటే ఈ వేడినీళ్ళ కెటిల్ మీ నెత్తిన బోర్లిస్తాను రెఫరీగారూ, తర్వాత చెప్పలేదనకండి. మన ఐర్లండు ఆట గేలిక్ ఫుట్‌బాల్ చప్పబడిపోయిందట, జనం చూడలేక చస్తున్నారట, అందుకని పెద్దలంతా కూర్చుని రూల్స్ మార్చారట. మార్చారుగా? వచ్చిందిగా వినోదం? అదిగో, నా గేటు బయట సగం ఊరు నిలబడి మీ పుట్టుపూర్వోత్తరాలు పాడుతోంది. చెవులు రిక్కించి వినండి. టికెట్టు లేని కచేరీ.

కూర్చోండి. కిటికీ దగ్గరొద్దు, వాళ్ళకి కనబడతారు. ఇటు, పొయ్యి పక్కకి రండి. ఆ తువ్వాలు తీసుకుని తల తుడుచుకోండి. అబ్బే, అది కుక్కది కాదు. కుక్కది పచ్చది.

ఏంటలా చూస్తారు? పెరటి గోడ మీంచి మిమ్మల్ని లాక్కొచ్చానని నాకేదో మీ మీద జాలి అనుకునేరు. జాలీ లేదు, పాడూ లేదు. మా డ్రమ్‌గోరా మైదానంలో రెఫరీ మీద చెయ్యి పడిందంటే ఇక ఏడాదిదాకా ఇక్కడ ఆట ఆడనివ్వరు. ఆ శిక్ష పడేది మీకు కాదు, మాకు. అందుకే లాక్కొచ్చాను. మా ఇల్లు గోల్‌పోస్టు వెనకే ఉండటం మీ అదృష్టం, నా ఖర్మ. పెళ్ళైన నాటి నుంచీ బంతులొచ్చి నా కిటికీ అద్దాలు పగలడమే.

చక్కెర ఎంత? మాట్లాడరేం? మైదానంలో ఉన్నంతసేపూ ఆ విజిల్ నోట్లోంచి తీయలేదుగా! ఇక్కడికొచ్చేసరికి నోరు పడిపోయిందా? సరే, రెండు చెంచాలు వేస్తున్నాను. బెదిరిన వాళ్ళకి తీపి మంచిదంటారు.

కారా? మీ కారుకేం కాలేదు, టైర్లు ఇంకా నాలుగూ ఉన్నాయి. కాకపోతే దాని దగ్గరికెళ్ళాలంటే ఆ గేటులోంచే వెళ్ళాలి. కాస్త చల్లబడనివ్వండి. వాన పెరిగితే పోతారని ఆశపడకండి, మా వాళ్ళు వానలోనే పుట్టారు.

రొట్టె తినండి. వెన్న అదిగో. ఆట అయ్యాక రెండు టీములకీ టీ, రొట్టె, హామ్ మాంసం పెట్టేది నేనే. ఇవాళ ఒక్కడు ముట్టలేదు. బల్లినాష్ వాళ్ళు గెలిచి కూడా ముట్టలేదు, భయపడి బస్సెక్కేశారు. ఇంత హామ్ ఏం చేసుకోను? మీరే తినండి.

అలాగని పాత ఆట ఏదో బంగారమని నేనన్నానా? నా నోట రాదు ఆ మాట. దాన్ని ఆట అన్నవాడికి దూరం నుంచే దండం పెట్టాలి. బంతి అవతలి వాళ్ళ చేతికెళ్ళగానే మా పదిహేను మందీ పరుగెత్తుకొచ్చి మా గోల్ ముందు గుంపుగా నిలబడేవాళ్ళు, వానలో సంతలో కట్టేసిన ఎడ్లలాగ. మిగతా మైదానమంతా ఖాళీ. గొర్రెల్ని మేపుకోవచ్చు. వాళ్ళేమైనా తక్కువ తిన్నారా? చేత్తో ఇటు అందించు, చేత్తో అటు అందించు, మళ్ళీ ఇటు. తన్నేవాడు ఒక్కడు లేడు. పేరుకి ఫుట్‌బాల్! కాలికి పనేదండీ?

మొదటి సగంలో నేను మేజోడు అల్లడం మొదలెడితే ఆట అయ్యేసరికి మడమ దాకా వచ్చేది. మా అక్క కన్సెప్టా డబ్లిన్ నుంచి పనిగట్టుకుని చూడ్డానికొచ్చి, మడతకుర్చీలో గురక పెట్టింది. లేపితే, "మొదలైందా?" అంది. అయిపోయింది, గెలిచాం అన్నాను. ఐదు పాయింట్లకి నాలుగు. అదీ స్కోరు. గంట పైన కొట్టుకు చస్తే!

ఆ దరిద్రాన్ని మా ఊరికి అంటించింది ఎవరో తెలుసా? బయట అందరికంటే గట్టిగా అరుస్తున్న గొంతు వినబడుతోందా? బొంగురుగా, కట్టేసిన కుక్కలాగ? ఆయనే. మలాకీ. మా ఆయన.

ఆఁ, ఆయనింట్లోనే కూర్చున్నారు మీరు. ఆయన కప్పులోనే తాగుతున్నారు. లేవకండి, లేవకండి! ఈ తలుపు దాటి ఆయన రాడు. బురద బూట్లతో నా వంటింట్లోకి రావడానికి ఆయనకంత గుండె లేదు.

టీమ్ మేనేజర్ అయి పదేళ్ళు దాటింది. మొదట్లో ఎందుకలా ఆడించాడో చెబితే మీకూ నిజమే అనిపిస్తుంది. ఊళ్ళో పదిహేను మంది మగాళ్ళు దొరకడమే గగనం. వాళ్ళలో ఇద్దరికి మోకాళ్ళు పోయాయి, ఒకడికి బుద్ధి లేదు. బల్లినాష్‌కేమో టౌను, జనం, కొత్త జెర్సీలు, వేడినీళ్ళొచ్చే స్నానాల గది. వాళ్ళతో సమానంగా ఎదురు నిలబడి ఆడితే మమ్మల్ని పిండి పిండి చేసేవాళ్ళు, చేశారు కూడా. అప్పుడు మలాకీ, "అందర్నీ వెనక్కి లాగుతాను. గోడ కడతాను. వాళ్ళకి తలుపే కనబడకూడదు" అన్నాడు. కట్టాడు. గెలిచాం. అసహ్యంగా గెలిచాం, కానీ గెలిచాం. ఆ రాత్రి ఆయన్ని భుజాలమీద మోశారు. ఒక్కసారి జనం భుజాలమీద ఊరేగిన మగాడు మళ్ళీ నేలమీద నడుస్తాడా? చెప్పండి!

ఇంతకీ మీదే ఊరు? ఏంటీ, గట్టిగా చెప్పండి. కిల్‌టూమా? కిల్‌టూమ్ గెరాటీ కుటుంబమా? రోడ్డు పక్కన పెట్రోలు బంకు ఉండేది, ఆ గెరాటీలా? అయితే ఊనా మీకు... అమ్మా! ఊనా కొడుకువా నువ్వు!

అయ్యో దేవుడా, ఊనా నేనూ కాన్వెంట్‌లో ఒకే బల్ల. లెక్కల్లో నాది చూసి రాసేది. నేను అట్రాక్టానని చెప్పు, గుర్తుపడుతుంది. బాగుందా? తుంటి మార్పించుకుందా? పోనీలే. ఊనా కొడుక్కి మీరేంటి, మన్ననేంటి! తిను, ఇంకో ముక్క తిను. నీ ముక్కు చూస్తేనే నాకు తెలియాల్సింది. మైదానంలో నిన్ను తిట్టేటప్పుడు ముక్కు మీద ధ్యాస లేదు.

ఏం చెబుతున్నాను? ఆఁ, మలాకీ.

మాకొక కొడుకున్నాడు, రూరీ. నువ్వు చూశావుగా, పదకొండో నంబరు. ఆఁ, వాడే. ముప్పై మూడు వచ్చాయి, పాల లారీ నడుపుతాడు. వాడు ఇంత పొడవున్నప్పుడే ఆ ఎడమ కాలు ఉంది చూశావూ, అది దేవుడు తీరిగ్గా కూర్చుని చేసిన కాలు. గేటు దగ్గర నిలబడి పశువుల కొట్టం మీంచి బంతిని అవతల పడేసేవాడు. అవతల నిలబడి తెచ్చిచ్చేది ఎవరనుకున్నావ్? మలాకీయే! చీకటిపడే దాకా తండ్రీ కొడుకులు అదే పని. "ఇంకొంచెం వెనక్కెళ్ళి తన్నరా! ఇంకొంచెం వెనక్కి!" అన్నం చల్లారిపోతోందని నేను అరుస్తుంటే వినేవాళ్ళా?

తర్వాత మేనేజరయ్యాడు. అంతే. "దూరం నుంచి తన్నకు. గురి తప్పితే బంతి వాళ్ళ పాలు. చేతికివ్వు. వెనక్కి రా, గోడ కట్టు." ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఆ కాలు పెట్టుకుని, ఎడ్ల మంద మధ్యలో నిలబడ్డాడు. ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. వయసంతా అలాగే గడిచింది. ఎదురు చెప్పే రకం కాదు వాడు. నోట్లో నాలుక లేదు. నా పోలిక రాలేదు.

మొన్న శీతాకాలం ఈ కొత్త రూల్స్ వచ్చాయా, ఊరి హాల్లో మీటింగు పెట్టాడు మలాకీ. నల్లబల్ల మీద మైదానం గీశాడు. "చూడండి ఈ తమాషా! ఎప్పుడూ మన వాళ్ళు ముగ్గురు మధ్యగీతకి అవతలే ఉండాలట! మనింటికి దొంగలొచ్చినా వాళ్ళు అక్కడే నిలబడి చూడాలట! కాలు ఇటు పెడితే మన గోల్ ఎదురుగానే వాళ్ళకి ఫ్రీ కిక్కట!" ప్రతి మాట చివరా ఆ 'అట'. అందరూ నవ్వడం. గోల్ ముందు విల్లులాగ పెద్ద గీత గీసి, "ఇదింకా చూడండి. గోల్ అడ్డకర్ర మీంచి బంతి పోతే ఒక పాయింటు, వలలో పడితే మూడు. తాతల నాటి లెక్క అది. ఇప్పుడు ఈ విల్లు గీతకి బయట నుంచి తన్ని కర్ర దాటిస్తే రెండట! ఎందుకయ్యా అంటే, చూసేవాళ్ళకి సరదాగా ఉంటుందట!" అని చాక్‌పీసు విసిరేశాడు.

రెఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలన్న రూలు చదివితే హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. మా ఊళ్ళో ఒకడు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు నోరు మూసుకోవడం చర్చిలోనే జరగదు, మైదానంలో జరుగుతుందా?

నేను వెనక టీ పోస్తూ రూరీ మొహం చూశాను. అందరూ నవ్వుతున్నారు, వాడు నవ్వడం లేదు. ఆ బల్ల మీద విల్లు గీతనే చూస్తున్నాడు. ఆకలితో ఉన్నవాడు మిఠాయి కొట్టు అద్దంలోంచి చూస్తాడే, అలా.

ఈ ఏడాది ఏమైందో నీకు తెలుసు. నువ్వే మూడు ఆటలకొచ్చావ్. ఊరూరా తిరిగి ఓడిపోయాం. అందరూ గీత బయట నుంచి రెండేసి కొట్టుకుంటుంటే మా వాళ్ళు మాత్రం పాత పాటే. చేతికివ్వు, వెనక్కి రా. గోడకేమో ముగ్గురు తక్కువ! చిల్లుల గోడ. ఓడిన ప్రతిసారీ మలాకీ ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, "ఇది ఆట కాదే, సర్కసు" అనేవాడు. ఊరంతా అదే మాట పట్టుకుంది. ఎందుకోయ్ ఓడారు? రూల్స్ బాలేవు. ఎప్పుడూ రూల్సే. కుర్రాళ్ళేమో ఒక్కొక్కరే బల్లినాష్ క్లబ్బు వైపు చూస్తున్నారు. ఇవాళ ఓడితే కింది డివిజన్, అక్కడికెళితే మిగిలిన నలుగురూ పోతారు, ఇక మైదానంలో నిజంగానే గొర్రెల్ని మేపుకోవాలి. తెలుసు కదా నీకు? తెలిసీ ఊదావ్. సరే.

సగం ఆటకి ఏడు పాయింట్లు వెనక. నేను టీ ఫ్లాస్కు తీసుకుని డ్రెస్సింగ్ రూమ్ తలుపు దగ్గరికెళ్ళాను. అప్పుడు రూరీ, వాడు పుట్టాక నాన్నని అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటా, "తన్ననా నాన్నా?" అన్నాడు.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాడు మలాకీ.

రూరీ తలూపాడు. సరేనన్నాడనే అనుకున్నాను. తల్లిని, నేనే పోల్చుకోలేకపోయాను. వాడి పని ఏమిటో వాడు అప్పుడే తేల్చుకున్నాడు.

రెండో సగంలో వాడి చేతికొచ్చిన మొదటి బంతి! నీ పక్కనే ఉన్నాడుగా, నువ్వు చూశావ్. విల్లు గీతకి బారెడు బయట. చుట్టూ ఎవడూ లేడు, ఎందుకుంటారు? రూరీ తన్నడని కౌంటీ అంతటికీ తెలుసు. వెనక నుంచి మలాకీ "చేతికివ్వు! చేతికివ్వు!" అని గొంతు చించుకుంటున్నాడు. వాడు ఒక్కసారి బంతిని బూటు మీద ఎగరేసుకుని, అలా పక్కకి వాలి తన్నాడు చూడూ...

నాకు చెప్పడం రాదు. బంతి వానలోకెళ్ళిపోయింది. కనబడలేదు. మళ్ళీ కనబడేసరికి రెండు పోస్టుల నడిమధ్యలోంచి, కర్రకి అంత ఎత్తున, నా ఇంటి కప్పు మీద పడి దొర్లుతోంది. అంపైరు నారింజ జెండా ఊపాడు. రెండు!

తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. హ్యూయీ అని ఒక ముసలాయనున్నాడు, కారు మైదానం అంచున పెట్టుకుని అందులోంచే చూస్తాడు. ఎన్నేళ్ళైందో ఆయన కారు దిగి. ఇవాళ దిగాడు! వానలో, టోపీ లేకుండా, బానెట్ మీద గుద్దుతూ ఏదో అరుస్తున్నాడు. నేనా? నేను ఫ్లాస్కు ఎక్కడ పెట్టానో తెలీదు. ఆ పక్కనున్న పాదరీగారి చెయ్యి పట్టుకుని గిల్లేస్తున్నానట, తర్వాత చెప్పారు.

ఏంటా నవ్వు? వినోదమంటే అదే కదా అంటావ్. నాకు తెలీదు బాబూ. వినోదమైతే నవ్వు రావాలి. నాకు కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. డబ్లిన్‌లో పెద్ద స్టేడియంలో కాఫీ తాగుతూ చూసేవాళ్ళకి సరదాగా ఉండాలని మార్చారు మీరు. వాళ్ళ సరదా ఎవడిక్కావాలి? మేం ఇక్కడికి సరదాకి వస్తామా? పక్కింటి వాడి కొడుకు బురదలో పడితే వాడి మోకాలు విరిగిందేమోనని వస్తాం. మా వాళ్ళు ఊరి పరువు తీస్తారా నిలబెడతారా అని గుండె చిక్కబట్టుకుని వస్తాం. దానికి టికెట్టు పెంచుకోవడానికి మీరు రంగులేస్తున్నారు. మీ మొహాలు!

కానీ అడిగావు కాబట్టి చెబుతున్నా. రూల్స్ మార్చాలా వద్దా అంటే, మార్చాల్సిందే. ఎప్పుడో మార్చాల్సింది. మా వాడికి ఇరవై రెండేళ్ళప్పుడు మార్చాల్సింది! జుట్టు పలచబడ్డాక, నడుం పట్టేశాక, ఇప్పుడా మార్చేది? నిద్రపోయారా ఇన్నాళ్ళూ అందరూ? అదీ మీ మీద నా కోపం. మార్చినందుకు కాదు.

సరే. మధ్యలో మా టీములోని ఆ లోర్కన్ వెధవ చేసిన నిర్వాకం సంగతి నేను మాట్లాడను. ఫౌల్ అని నువ్వు ఊదితే బంతి బుద్ధిగా అవతలివాడి చేతికివ్వాలి కదా? కొత్త రూలు, తెలిసిందే కదా? వాడు దాన్ని వీధిలోకి తన్నాడు. నువ్వు యాభై మీటర్లు ముందుకి జరిపావ్, వాళ్ళు తేరగా ఒక పాయింటు కొట్టుకున్నారు. అందులో నీ తప్పేం లేదు. వాడి తల్లికి చెప్పాను, వాడికి ఇంట్లో చిన్నప్పుడు నాలుగు తగిలించాల్సిందని.

అయినా సమానం చేశాం. సమానం! ఇంకో నిమిషం కూడా లేదు. ఆట సమానంగా ముగిస్తే చాలు, మేం నిలబడతాం. అప్పుడు బల్లినాష్ వాళ్ళు దండులాగ మీద పడ్డారు. మా గోల్ ముందు బురద, కాళ్ళు, చేతులు, కేకలు. మధ్యగీతకి అవతల మా ముగ్గురు నిలబడి ఉన్నారు. అందులో రూరీ ఒకడు.

నువ్వు ఊదావు.

మధ్యగీత వైపు చెయ్యి చూపించావు. పదకొండో నంబరు దాటాడన్నావు. గోల్ ఎదురుగా ఫ్రీ కిక్కిచ్చావు. అది పాకే పిల్లాడైనా కొడతాడు. కొట్టాడు. అయిపోయింది.

గీతలు కాయాల్సిన నీ లైన్స్‌మెన్ ఇద్దరూ గోల్ దగ్గరే చచ్చారు. చూసింది నువ్వొక్కడివే. ఊరంతా ఒకే మాట అంటోంది, దాటలేదని. మలాకీ టోపీ నేలకేసి కొట్టి, "నా కొడుకు దాటలేదు! నా కళ్ళారా చూశాను!" అని నీ మొహం మీద అరిచాడు. రూరీయే అడ్డుపడకపోతే నీ ముక్కు ఊనా గుర్తుపట్టేలా ఉండేది కాదు.

ఏంటీ? నేనెక్కడున్నానా?

ఎందుకడుగుతున్నావ్?

టీ చల్లారిపోతోంది, తాగు.

...మధ్యగీత దగ్గరే ఉన్నాను. సరేనా? నిలబడటం కాదు, సున్నం గీతకి జానెడు దూరంలో, కంచె పట్టుకుని వంగి ఉన్నాను. ఫ్లాస్కు వెతుక్కుంటూ అటొచ్చాను.

దాటాడు. మడమ కాదు, కాలు కాదు, మనిషి మనిషంతా రెండంగలు ఇటున్నాడు. నువ్వు ఊదకముందే నేను "అయ్యో" అన్నాను. నువ్వు చూసింది నిజం. చాలా? కడుపు నిండిందా?

ఉండు, అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఎందుకు దాటాడో నీకు తెలీదు. నువ్వు వినలేదు, గోల్ దగ్గర అంత గోలలో ఎలా వింటావ్? నేను విన్నాను. నా వెనక, ఇంత దూరంలో, మలాకీ. బల్లినాష్ వాళ్ళు మీదకొచ్చేసరికి ఆయనకి కొత్త రూలు లేదు, పాత రూలు లేదు. "వెనక్కి రా రూరీ! వెనక్కి!" అన్నాడు. పదేళ్ళుగా అన్నట్టే. అదే గొంతు.

వాడి మనసు వినలేదు, కాళ్ళు విన్నాయి. ఆ కాళ్ళు ఇంకెవరి మాటా వినలేదు ఎప్పుడూ. రెండంగలు వేశాక వాడికి తెలిసింది. ఆగిపోయాడు. కిందికి, సున్నం గీత వైపు చూశాడు. తర్వాత నాన్న వైపు చూశాడు. నీ వైపు కాదు. మలాకీ ఏం చేశాడో తెలుసా? వంగి బూటు లేసు కట్టుకున్నాడు. లేసు ఊడలేదు. ఆ బూట్లకి లేసులే లేవు, రబ్బరు బూట్లు!

లేచాక అరవడం మొదలెట్టాడు. ఇంకా ఆపలేదు, వింటున్నావుగా. ఎందుకు ఆపుతాడు? ఆపితే వినబడుతుంది ఆయనకి.

రూరీ? వాడు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నాడు. బురద కూడా కడుక్కోలేదు. నిన్ను గోడ మీంచి లాగకముందే నేను వెళ్ళి "నాన్న పిలిచాడని చెప్పరా" అన్నాను. "ఏం లాభమమ్మా" అన్నాడు. "రెఫరీ తప్పు చేశాడనే అనుకోనివ్వు. అందరికీ అదే హాయి" అన్నాడు. ముప్పై మూడేళ్ళు పెంచి ఇదా నేను కన్నది అనుకున్నాను. తర్వాత ఇక్కడికొచ్చి నీకు టీ పెడుతూ ఆలోచిస్తే, వాడు చెప్పిందాంట్లో తప్పేముంది?

అలా చూడకు. నువ్వేం అడగబోతున్నావో తెలుసు. గేటు దగ్గరికెళ్ళి నేను చూసింది చెప్పమంటావ్. ఒక్క మాట, అంతే కదా? చెబితే ఏమౌతుంది? దాటాడు అంటే ఊరంతా రూరీ మీద పడుతుంది. ఇవాళ వాడు కొట్టినవన్నీ మట్టిలో కలుస్తాయి, ఇక చచ్చేదాకా వాడు 'గీత దాటినోడు'. మా ఊళ్ళో పేరు పెట్టారంటే సమాధి రాయి మీద కూడా చెక్కుతారు. పిలిచింది మలాకీ అంటే? ఆయన్ని భుజాల మీద మోసినవాళ్ళే కింద పడేసి తొక్కుతారు. రేప్పొద్దున్న ఆ మనిషి ఈ బల్ల దగ్గరే, నా ఎదురుగా కూర్చుని గుడ్డు పగలగొట్టుకోవాలి. నేను ఆయన మొహం చూడాలి.

అదే నీ మీద పడిందనుకో. నీకేం పోతుంది? కిల్‌టూమ్ పోతావ్. నిన్ను తిట్టడానికి అక్కడ ఎవడున్నాడు? మీ అమ్మ అన్నం పెడుతుంది. వచ్చే ఆదివారం ఇంకో ఊళ్ళో ఇంకొకళ్ళు తిడతారు. తిట్లు తినే ఉద్యోగం నువ్వే కోరి తెచ్చుకున్నావ్. మాకు నిన్ను తిట్టుకోవడం ఒక్కటే మిగిలింది, అది కూడా లాక్కుంటావా?

న్యాయమా అంటే కాదు. నేనెప్పుడన్నాను న్యాయమని?

లే. కప్పు అక్కడ పెట్టు, నేను కడుక్కుంటాను. కోటు గుండీలు పెట్టుకో. తల దించకు, దించితే తప్పు చేశావనుకుంటారు. మరీ ఎత్తకు, ఎత్తితే పొగరంటారు. నా చెయ్యి పట్టుకో, గట్టిగా. నేను పక్కనుంటే ఎవడూ చెయ్యెత్తడు. నోరు చేసుకుంటారు. నేనూ చేసుకుంటాను, అందరికంటే గట్టిగా. ఏమనుకోకు. మీ అమ్మకి చెప్పకు.

పద. వాకిలి జారుడుగా ఉంది, చూసుకుని నడు బాబూ... తలుపు తీస్తున్నాను.

తప్పుకోండి! తప్పుకోండి అందరూ! ఇదిగో, తీసుకొస్తున్నాను ఈ గుడ్డి మహానుభావుణ్ణి! కళ్ళు నెత్తినెక్కాయిరా నీకు! నా కొడుకు గీత దాటాడా? ఎవడు చూశాడు? చెప్పు, ఎవడు చూశాడురా?